లాంగోబార్డుల చరిత్ర: ఫుట్‌నోట్లు పీకేసిన పేపర్‌బ్యాక్ కొనాలా, ప్రింటు తీయించుకోవాలా?

పల్చగా, నిగనిగలాడే అట్టతో, అట్ట మీద కొమ్ముల టోపీ వీరుడితో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 'లాంగోబార్డుల చరిత్ర' పేపర్‌బ్యాక్ కొనకండి. చదవాలని గట్టిగా ఉంటే అదే ఇంగ్లీషు అనువాదానికి 1907 నాటి అచ్చు స్కాన్ దొరుకుతుంది. దాన్ని ప్రింటు తీయించి బైండు చేయించుకోండి. బెంగళూరులో అది రెండు పూటల పని.

అమ్మేవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకే సరుకు అట్ట బొమ్మ మార్చుకుని రకరకాల పేర్లతో తిరుగుతోంది. ఒక పేరు రాస్తే మిగతావన్నీ మంచివనే భ్రమ కలుగుతుంది. గుర్తుపట్టే లక్షణాలు చెబితే చాలు: లోపల అనువాదం జరిగిన సంవత్సరం ఉండదు, ఏ అచ్చు నుంచి తీసుకున్నారో ఉండదు, మూలం 400 పైచిలుకు పేజీలైతే ఇది అందులో సగం కూడా ఉండదు. కొమ్ముల టోపీ సంగతి సరేసరి. అది 19వ శతాబ్దపు నాటక రంగం సరుకు, లాంగోబార్డులకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

అసలు పుస్తకం ఏమిటో ముందు చూద్దాం. 568లో ఆల్ప్స్ దాటి ఇటలీలోకి దిగి, 774లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ చేతిలో ఓడిపోయేదాకా రెండు వందల ఏళ్లు రాజ్యం చేసిన జర్మానిక్ జాతి లాంగోబార్డులు. లొంబార్డులన్నా వీళ్లే. ఆ రాజ్యం పోయాక, వాళ్లలోనే పుట్టిన పాల్ ద డీకన్ అనే సన్యాసి 8వ శతాబ్దం చివర్లో లాటిన్‌లో ఆరు భాగాలుగా వాళ్ల చరిత్ర రాశాడు. దాన్ని అమెరికన్ విలియం డడ్లీ ఫౌల్క్ ఇంగ్లీషులోకి తెచ్చి 1907లో అచ్చు వేయించాడు. 1974లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం మళ్లీ వేసింది. 1907 అచ్చు పేరులో 'లాంగోబార్డులు' అని, 1974 అచ్చు పేరులో 'లొంబార్డులు' అని ఉండటంతో రెండూ వేర్వేరు పుస్తకాలనుకుని రెండుసార్లు డబ్బు పెట్టే ప్రమాదం ఉంది. వెదికేటప్పుడు అనువాదకుడి పేరు కూడా కలపండి. ఊరికే 'లొంబార్డ్' అని కొడితే కారు ఇన్సూరెన్సు వచ్చి పడుతుంది.

ఇక తగాదా ఎక్కడంటే, ఈ పేపర్‌బ్యాక్‌లో పాల్ రాసిన కథనం ఉంది, ఫౌల్క్ రాసిన ఫుట్‌నోట్లు లేవు. లాంగోబార్డుల పుట్టుక గురించి తెలుసుకోవాలని కొనేవాళ్లకు కావలసిన సరుకు ఆ ఫుట్‌నోట్లలోనే ఉంది. అవి తీసేస్తే మిగిలేది పుక్కిటి పురాణం.

పేరు పుట్టిన కథే చూడండి. మొదటి భాగం 8వ అధ్యాయం. అప్పటికి వీళ్ల పేరు విన్నిలీలు. స్కాండినేవియా నుంచి బయల్దేరారు. ఇబోర్, అయో అన్నదమ్ములు నాయకులు, తల్లి గంబారా మహా తెలివైంది. వాండల్ జాతి నాయకులు అంబ్రి, అస్సి వచ్చి కప్పం కడతారా, కత్తి దూస్తారా అన్నారు. వాండల్‌లు గోదాన్ దేవుణ్ని గెలుపు అడిగితే, పొద్దున్నే ఎవరు ముందు కళ్లబడితే వాళ్లదే గెలుపన్నాడు. గంబారా వెళ్లి గోదాన్ భార్య ఫ్రేయాను ఆశ్రయించింది. 'ఆడవాళ్లు జుట్టు విరబోసి గడ్డంలా మొహం చుట్టూ పెట్టుకుని మగవాళ్ల పక్కన నిలబడండి' అని ఆవిడ ఉపాయం చెప్పింది. తెల్లారింది. 'ఈ పొడుగు గడ్డాలెవరు?' అన్నాడు గోదాన్. 'పేరు పెట్టారుగా, గెలుపూ మీరే ఇవ్వండి' అంది ఫ్రేయా. అలా విన్నిలీలు లాంగోబార్డులయ్యారు.

బాగుంది కదా. ఈ పేపర్‌బ్యాక్ దీన్ని ఇంతటితో వదిలేస్తుంది. ఈ కథ చెప్పిన పాలే ఇది నవ్వొచ్చే కట్టుకథ అంటాడు. తర్వాతి అధ్యాయంలో కత్తి తగలని పొడుగు గడ్డాల వల్లే ఆ పేరు వచ్చిందని, వాళ్ల భాషలో 'లాంగ్' అంటే పొడుగు, 'బార్డ్' అంటే గడ్డం అని చెబుతాడు. అక్కడ ఫౌల్క్ నోటు మరో రెండు వాదాలు పెడుతుంది: జర్మనీలోని ఎల్బ నది పొడుగాటి ఒడ్డున ఉండేవాళ్లని ఒకటి, పొడుగు గొడ్డలి పట్టేవాళ్లని ఇంకొకటి. గడ్డం వాదానికే నేటికీ బలం ఎక్కువ. అయినా ఒక మాటకు మూడు తోవలున్నాయన్న సంగతి నోటు లేనివాడికి తెలిసే దారి లేదు. 'త్రిలింగం' నుంచి 'తెలుగు' వచ్చిందన్న వాదం ఒక్కటే చదివి ఊరుకున్నట్టుంటుంది.

ఈ కథ పాల్ కల్పించిందీ కాదు. 643 నవంబరు 22న లాంగోబార్డుల రాజు రోతారి 388 నిబంధనలతో తన జాతి చట్టాన్ని రాయించాడు. ఆ చట్టం రాతప్రతులు కొన్నింటికి ముందు 'ఒరిగో' (లాటిన్‌లో పుట్టుక) అనే చిన్న పాఠం కట్టి ఉంటుంది. గడ్డాల కథ అందులోనే ఉంది, పాల్ దాన్ని చూసి రాశాడు. ఒరిగోలో ఇంకో ముక్క కూడా ఉంది: గోదాన్ నిద్రలో ఉండగానే ఫ్రేయా మంచాన్ని తూర్పుకు తిప్పి లేపుతుంది. ఆ మంచం లేకపోతే ఆవిడ తెలివి సగం పోతుంది. ఫౌల్క్ తన అనుబంధంలో ఒరిగోను కూడా అనువదించి ఇచ్చాడు. పేపర్‌బ్యాక్‌లో అనుబంధాలు లేవు కాబట్టి మంచమూ లేదు.

చట్టం ముందు కట్టుకథ ఎందుకన్న ప్రశ్నకు మనవాళ్లకు వెంటనే జవాబు తోచాలి. 11వ శతాబ్దపు తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు తీయండి. దానం ఇచ్చిన ఊరి సరిహద్దులకు ముందు ఏముంటుంది? అయోధ్యలో 59 మంది చక్రవర్తులు ఏలారని, విజయాదిత్యుడు దక్షిణాపథానికి వచ్చి త్రిలోచన పల్లవుడి చేతిలో పోయాడని, గర్భవతి అయిన రాణి ముదివేము అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి నీడన విష్ణువర్ధనుణ్ని కన్నదని. ఆ ప్రశస్తి చదివి చాళుక్యులు అయోధ్యవాళ్లని చరిత్రకారుడెవరూ రాయడు. కానీ ఆ వంశం తనను తాను ఎలా చూపించుకోదలచిందో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఒరిగోదీ అదే పని. స్కాండినేవియా లాంగోబార్డుల అయోధ్య.

ఇది అర్థమయ్యాక కథలోని తేడాలు కూడా పనికొస్తాయి. 7వ శతాబ్దపు ఫ్రాంకుల వృత్తాంతం, ఫ్రెడెగార్ పేరుతో నడుస్తున్నది, ఇదే గడ్డాల కథ చెబుతుంది. కాకపోతే అక్కడ శత్రువులు వాండల్‌లు కారు, హూణులు. 9వ శతాబ్దం మొదట్లో రాసిన మరో పాఠం, జర్మనీలోని గోథా పట్టణపు రాతప్రతిలో ఉన్నది, స్కాండినేవియా లాంటి పేరున్న 'స్కటెనౌగె' అనే చోటును ఎల్బ నది ఒడ్డునే పెడుతుంది. అంటే సముద్రం దాటాల్సిన పనే లేదు. రోమన్ సాక్ష్యాలు కూడా ఎల్బ దగ్గరే ఆగుతాయి.

ఆ సాక్ష్యాలు చాలా తక్కువ, కానీ గట్టివి. క్రీ.శ. 5లో, తర్వాత రోమన్ చక్రవర్తి అయిన టైబీరియస్ సైన్యం ఎల్బ దాకా వెళ్లినప్పుడు వెల్లేయస్ పతెర్కులస్ అందులో అధికారి. జర్మన్ల క్రౌర్యాన్ని కూడా మించిన క్రూరులని లాంగోబార్డుల గురించి రాశాడు. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్, వీళ్లు కొద్దిమందే కావడమే వీళ్ల ఘనత అన్నాడు, పెద్ద జాతుల మధ్య యుద్ధంతో బతుకుతున్నారని. 166 ప్రాంతంలో 6,000 మంది లాంగోబార్డులు, ఓబీలు అనే మరో జాతివాళ్లు దాన్యూబు దాటి పన్నోనియాలోకి (ఇవాళ్టి పశ్చిమ హంగరీ చుట్టుపక్కల ఉన్న రోమన్ రాష్ట్రం) దూకి దెబ్బతిని వెనక్కి పోయారు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు వాళ్ల జాడ లేదు. మళ్లీ కనబడేది 489 ప్రాంతంలో, దాన్యూబుకు ఉత్తరాన, ఇవాళ్టి దిగువ ఆస్ట్రియాలోని రుగిలాండ్‌లో. అప్పటి ఇటలీ పాలకుడు ఓడోవకర్ అక్కడి రుగియన్ జాతిని తుడిచిపెట్టాక ఖాళీ అయిన నేల అది.

పాల్ ఆ ఖాళీని స్కోరింగా, మౌరింగా, గోలాండా, అంథైబ్, బంథైబ్, వుర్గుందైబ్ అనే మజిలీలతో పూడుస్తాడు. పేపర్‌బ్యాక్‌లో ఇవి కేవలం వింత పేర్లు. నోట్లతో చదివితే ఏది ఎక్కడై ఉండొచ్చో వాదన నడుస్తుంటుంది. వుర్గుందైబ్‌లో బర్గండియన్లనే మరో జర్మానిక్ జాతి పేరు వినబడటం లాంటివి ఒంటరిగా చదివితే తట్టవు.

ఈ చరిత్ర ఎంత లోతుకు పోతుందో తేల్చడానికి ఒక చిన్న లెక్క ఉంది, పెన్సిలు చాలు. రోతారి తన చట్టంలో తాను 17వ రాజునని చెప్పి వరసగా పేర్లు ఇచ్చాడు. ఆగెల్ముండ్, లామిస్సియో, లేతు, హిల్దెయోక్, గుదెయోక్, క్లాఫో, తాతో, వాకో, వాల్తారి, ఔదోయిన్, ఆల్బోయిన్, క్లెఫ్, ఔతారి, అగిలుల్ఫ్, అదలోఆల్డ్, అరియోఆల్డ్, రోతారి. ఐదోవాడు గుదెయోక్ నాటికి రుగిలాండ్ చేరారు, అంటే 489. అంతకు ముందు నలుగురే. ఆగెల్ముండ్ 33 ఏళ్లు, లేతు దాదాపు 40 ఏళ్లు ఏలారంటాడు పాల్. మిగతా ఇద్దరికీ ధారాళంగా తలా 30 వేసినా మొదటి రాజు 4వ శతాబ్దపు రెండో సగం దాటి వెనక్కి పోడు. టైబీరియస్ కాలానికీ అతనికీ మధ్య మూడున్నర శతాబ్దాలు మిగిలిపోయాయి. స్కాండినేవియా ప్రయాణం దానికన్నా ముందట! రాజుల పట్టిక ఆ గండిని దాటించలేదు. అందులో మూడోవాడి నుంచి వెనక్కి ఉన్నది చరిత్రో కథో చెప్పడం కష్టం. లామిస్సియో చెరువులో పడేసిన పసిబిడ్డ, రాజు ఈటె పట్టుకుని పైకొచ్చాడట.

పేపర్‌బ్యాక్‌లో ఈ లెక్క చేయలేరు. అంకెలు నమ్మదగ్గవి కావు. స్కాన్‌ను యంత్రంతో చదివించి, దిద్దకుండా అచ్చు వేసిన పుస్తకాల్లో తప్పులు ఒక పద్ధతిలో వస్తాయి: 5 కాస్తా 6 అవుతుంది, 1 ఇంగ్లీషు ఎల్ అక్షరం అవుతుంది, 'బీ' 'హెచ్' అవుతుంది. 'ఇబోర్' 'ఇహోర్' అయితే ఇంకో మనిషి అనుకుంటారు. నోట్లు తీసేసినా నోటు అంకెలు అక్కడక్కడా వాక్యంలోనే ఉండిపోయి తేదీలకు అతుక్కుంటాయి. పేజీ అడుగున ఉన్న నోటులో ఒక ముక్క ఏరివేతలో తప్పించుకుని పాల్ వాక్యం మధ్యలోకి దూరితే, 8వ శతాబ్దపు సన్యాసి 19వ శతాబ్దపు జర్మన్ పండితుణ్ని ఉదహరిస్తున్నట్టు ఉంటుంది. అది ఒక రకంగా వినోదం.

కొనే ముందు 'లోపల చూడండి' నమూనా ఇస్తే మూడు చోట్లు చూడాలి. మొదటి భాగం 9వ అధ్యాయం కింద పేరు గురించిన నోటు ఉందా? రెండో భాగం 7వ అధ్యాయంలో పన్నోనియా వదిలిన రోజు, ఏప్రిల్‌లో ఈస్టర్ మర్నాడు, సంవత్సరం 568 అని సరిగ్గా ఉందా? చివర ఒరిగో అనుబంధం ఉందా? మూడూ ఉంటే అది ఫోటో తీసి వేసిన నకలు అచ్చు, తీసుకోవచ్చు. అందులో వచ్చే లోపాలు వేరు: లోపలి మార్జిన్ ఇరుకై మాటలు కుట్టులోకి పోవడం, స్కాన్ చేసినవారి వేలు పడటం, ఒకటి రెండు పేజీలు ఎగిరిపోవడం. వచ్చిన రోజే పేజీ అంకెలు వరస చూసుకోండి, వెనక్కి పంపే గడువు దాటిపోతే ఎవరూ వినరు. చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల అంగళ్లలో 1974 అచ్చు ఎప్పుడైనా కనబడితే బేరమాడకుండా తీసుకోండి.

ఇక ప్రింటు. 1907 అచ్చు స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. ఫౌల్క్ 1935లో పోయాడు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు దాటితే హక్కు ముగుస్తుంది, అంటే 1995తో అయిపోయింది. జెరాక్సు షాపువాడు జంకితే ఈ లెక్క చెప్పండి. 1974 అచ్చుకు కొత్తగా రాసిన ముందుమాట మాత్రం వేరే మనిషిది, దాన్ని కాపీ తీయించొద్దు.

అవెన్యూ రోడ్, చిక్కపేట చుట్టుపక్కల ప్రింటు, కోత, బైండింగ్ దగ్గర దగ్గరే దొరుకుతాయి. ఫైలు తీసుకెళ్లే ముందు ఇంట్లోనే రెండు పనులు చేసుకోవాలి. స్కాన్ పసుపు నేపథ్యం గ్రేగా పడి ఫుట్‌నోట్లు మసకబారతాయి. నలుపు-తెలుపుగా మార్చి నేపథ్యం తీసేయండి. రెండోది, ఖాళీ పేజీలు, గ్రంథాలయ ముద్రలున్న పేజీలు తీసేసి మొత్తాన్ని నాలుగుతో భాగించబడేలా సర్దండి. 480 అనుకుందాం. ఏ-4 కాగితంలో సగం, అంటే ఏ-5 సైజు సరిపోతుంది. అంతకన్నా కుదిస్తే నోట్ల అక్షరాలు కంటికి ఆనవు.

పొరపాటు జరిగేది ఇక్కడే. షాపులో 'ఒక వైపు రెండు పేజీలు, రెండు వైపులా' అని చెబితే ముందు 1, 2, వెనక 3, 4 పడతాయి. మధ్యకు కోస్తే 1 వెనక 4, 2 వెనక 3 వస్తాయి. 120 కాగితాలు వృథా. సరైన అమరిక: మొదటి కాగితం ముందు వైపు 1, 241, వెనక వైపు 242, 2. చివరి కాగితం ముందు 239, 479. వెనక 480, 240. ఇలా వేసి, దొంతర మొత్తాన్ని ఒకేసారి మధ్యకు కోస్తే ఎడమ దొంతర 1 నుంచి 240, కుడి దొంతర 241 నుంచి 480, ఎక్కడా కలబెట్టాల్సిన పని ఉండదు. మొదట నాలుగు కాగితాలు వేయించి, కోయించి, చేతిలో తిప్పి చూశాకే మిగతావి వేయమనండి.

75 జీఎస్ఎం కాగితం ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు మందం. 240 ఆకులంటే 24 మిల్లీమీటర్లు. ఇంత లావు పుస్తకాన్ని వేడి గమ్ముతో అతికిస్తే, వీపు విరిగి పేజీలు రాలతాయి, ముఖ్యంగా నోట్ల కోసం ఊరికే వెనక్కీ ముందుకీ తిప్పే పుస్తకం కాబట్టి. రెండు దొంతరలు రెండు సంపుటాలుగా స్పైరల్ వేయించండి. బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది, మొదటి సంపుటం కథనం దగ్గర, రెండో సంపుటం అనుబంధం దగ్గర తెరిచి పక్కపక్కనే పెట్టుకోవచ్చు. ఒక్క పుస్తకంగా అట్టబైండే కావాలంటే ఈ కోత అమరిక వద్దు. బుక్‌లెట్ అమరికలో నాలుగేసి ఏ-4 కాగితాల మడతలుగా వేయించి దారంతో కుట్టించాలి, ఖర్చు, రోజులు రెండూ పెరుగుతాయి. పుట్టుక వరకే ఆసక్తి ఉంటే ముందుమాట, మొదటి రెండు భాగాలు, ఒరిగో అనుబంధం ప్రింటు చేయించుకుంటే చాలు.

ఫౌల్క్ నోట్లు దేవుడి మాటలేం కావు. అవి 1907 నాటివి, ఎక్కువగా 19వ శతాబ్దపు జర్మన్ పండితుల వాదాల మీద నిలబడ్డవి. జాతి అంటే ఒకే రక్తం, ఒక గుంపుగా నడిచి వచ్చిన జనం అన్న నమ్మకం వాటి అడుగున ఉంటుంది. 1961లో రైన్‌హార్డ్ వెన్స్‌కుస్ దీన్ని తిరగేశాడు: పేరును, కథను మోసే చిన్న కేంద్రం ఒకటుంటే చుట్టూ రకరకాల జనం చేరి ఆ పేరు పెట్టుకుంటారన్నాడు. ఆ కేంద్రం కూడా నిజంగా ఉందా అని తర్వాతివాళ్లు తగువు పడుతున్నారు. పాల్ పుస్తకంలోనే దీనికి ఆధారం ఉంది, రెండో భాగం 26వ అధ్యాయం: ఆల్బోయిన్‌తో ఇటలీకి వచ్చినవాళ్లలో గెపిడులు, బల్గార్లు, సర్మేషియన్లు, పన్నోనియావాళ్లు, సుయెవీలు, నోరికంవాళ్లు ఉన్నారని, వాళ్ల పేర్లతో ఊళ్లు తన కాలం దాకా ఉన్నాయని. స్కాండినేవియా గురించి తడుముకునే పాల్, ఇక్కడ కళ్లతో చూసిన ఊళ్ల గురించి రాస్తున్నాడు. ఈ పేజీకి గుర్తు పెట్టుకోండి.

2018లో వచ్చిన జన్యు అధ్యయనం ఒక పేజీ సారాంశం రాసి మొదటి సంపుటం చివర అతికిస్తే బాగుంటుంది. హంగరీలో బాలటన్ సరస్సు దగ్గర సోలాద్, ఇటలీలో టురిన్ దగ్గర కొల్లెన్యో, ఈ రెండు శ్మశానాల్లో 63 మంది ఎముకలు పరీక్షించారు. రెండు చోట్లా పెద్ద కుటుంబాల చుట్టూ సమాధులు అమరి ఉన్నాయి; ఉత్తర, మధ్య ఐరోపా మూలం ఉన్నవాళ్ల సమాధుల్లో ఆయుధాలు, నగలు ఎక్కువ, దక్షిణ ఐరోపా మూలం ఉన్నవాళ్ల సమాధుల్లో దాదాపు లేవు. పన్నోనియా నుంచి ఇటలీకి జనం కదలడానికి ఇది సరిపోతుంది. ఎల్బ ఒడ్డు నుంచి దాన్యూబు దాకా ఏం జరిగిందో ఈ రెండు శ్మశానాలు చెప్పలేవు, గోదాన్ మంచం మాటకొస్తే అసలే చెప్పలేవు.

స్పైరల్ తీగ రెండు కొసలూ లోపలికి వంచారో లేదో డబ్బిచ్చే ముందు చూసుకోండి. వంచకపోతే బ్యాగులో తీగ జారి 17 మంది రాజుల పట్టిక ఉన్న పేజీనే ముందు చించుతుంది.